ఫోన్‌లో గేములాడే కుర్రాడు గ్రాఫిక్స్ చిప్ చేస్తానంటే?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. వాడి ఎప్‌సెట్ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ఓ మోస్తరు మంచి కాలేజీలోనే ఈసీఈ వస్తుంది. సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్ కావాలంటే మేనేజ్‌మెంట్ కోటానే గతి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బావమరిది 'ఇప్పుడంతా ఎన్విడియా, జీపీయూల రాజ్యం, ఏఐ బ్రాంచే కరెక్టు, అవసరమైతే అరెకరం అమ్మైనా చేర్పించు బావా' అంటున్నాడు. మావాడేమో ఫోన్లలో ఉండే జీపీయూ, అదే తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్, తయారుచేసే పనిలోకి వెళ్తానంటాడు. చేసేది మాత్రం రోజంతా గేములాడటం. ఫోన్ వేడెక్కితే కవర్ పీకేసి కూలర్ ముందు పెట్టి మరీ ఆడతాడు. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ పెంచుతూ తగ్గిస్తూ నోట్‌బుక్‌లో ఏవో అంకెలు రాసుకుంటాడు. వీడి మాట నమ్మొచ్చా? ఈసీఈ, ఏఐ-ఎంఎల్ రెండూ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: పోల్చి చెప్తాను. దానికంటే ముందు మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ఏటా కౌన్సెలింగ్ రోజులొచ్చేసరికి ఇలాంటి ఉత్తరాలు కట్టలు కట్టలుగా వస్తాయి. బ్రాంచి పేరు మారుతుంది, కంపెనీ పేరు మారుతుంది. మొన్నటిదాకా క్లౌడ్ అన్నారు, నిన్న డేటా సైన్స్ అన్నారు, ఇవాళ జీపీయూ అంటున్నారు. లోపలున్న దిగులు మాత్రం ఒకటే: మావాడు ఫోన్ పట్టుకుని చెడిపోయాడా, ఇక దారిలో పడతాడా అని.

చెడిపోలేదండీ. ఆ మాట మీ ఉత్తరమే చెబుతోంది, మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారంతే.

కవర్ పీకి కూలర్ ముందు పెట్టడం గురించి రాశారు కదా, అక్కడ కాసేపు ఆగుదాం. ఈ రోజుల్లో మామూలు ఫోన్ తెరలో అడ్డంగా 1080, నిలువుగా 2400 చుక్కలుంటాయి. అంటే దాదాపు 26 లక్షలు. 120 హెర్ట్జ్ తెర అయితే వాటన్నిటికీ సెకనుకు 120 సార్లు రంగు లెక్కగట్టాలి. ఒక్కో బొమ్మకు దొరికే టైము 8 మిల్లీసెకన్ల పైచిలుకు, అంతే. ఈ పనంతా ఫోన్ చిప్‌లోని జీపీయూది. డెస్క్‌టాప్ కంప్యూటర్లో పెట్టే ఎన్విడియా ఆర్టీఎక్స్ 4090 కార్డుకు 450 వాట్ల కరెంటు, మీద పెద్ద పెద్ద ఫ్యాన్లు కావాలి. ఫోన్‌కు ఫ్యాన్ లేదు, ఉన్నది చిన్న బ్యాటరీ, పట్టుకునేది మనిషి చెయ్యి. నాలుగైదు వాట్లు దాటి ఎక్కువసేపు లాగితే ఒళ్లు కాలిపోతుంది. అందుకే వేడి పెరగ్గానే చిప్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది, గేములో బొమ్మ తడబడుతుంది. ఆ రంగంలో వాళ్లు దీన్ని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. మీవాడు కవర్ తీసేది అందుకే. నోట్‌బుక్‌లో రాసుకునేది బహుశా ఏ సెట్టింగ్‌లో సెకనుకు ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) వస్తున్నాయో, ఎంతసేపు నిలుస్తున్నాయో అయ్యుంటుంది. ఒకసారి ఆ పుస్తకం అడిగి చూడండి. తిట్టడానికి కాదు, చదవడానికి.

ఫోన్ జీపీయూ చేసేవాళ్ల రోజువారీ తలనొప్పి సరిగ్గా ఇదే. ఎంత వేగం అన్నది కాదు, ఒక్కో వాటుకు ఎంత వేగం అన్నది. చిప్ లోపల లెక్కలు చేయడం కంటే బయటున్న మెమరీ దాకా వెళ్లి రావడానికే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. వంట చేస్తూ ఉప్పుకోసారి, పప్పుకోసారి కిరాణా కొట్టుకు పరిగెత్తితే ఎలా ఉంటుందో అలా. అందుకే మొబైల్ జీపీయూల్లో ఎక్కువ భాగం తెరను 16 చుక్కలు బై 16 చుక్కల్లాంటి చిన్న చిన్న గళ్లుగా కోసుకుంటాయి. ఒక్కో గడి పని మొత్తం చిప్ లోపలే ముగించి, తయారైన రంగుల్ని ఒకేసారి మెమరీలో పడేస్తాయి. ఫోన్లలో త్రీడీ గేములకు ఈ టైల్ పద్ధతి బాగా కలిసొచ్చింది. ఈ గ్రాఫిక్స్ లెక్కకు పునాది మీవాడు ఇంటర్ ఫస్టియర్ లెక్కల పేపరు 1ఏలో చదివిన మాత్రికలు, సదిశలే. గేములో మనిషి తల తిప్పితే వేల బిందువుల్ని ఓ నాలుగు బై నాలుగు మాత్రికతో గుణిస్తున్నారని అర్థం. వాడు 1ఏని ఇష్టంగా చదివాడా, గైడ్ బట్టీ పట్టి గట్టెక్కాడా? బ్రాంచి కంటే ఈ జవాబు నాకు ముఖ్యం.

ఇప్పుడు మీ బావమరిది గారి ఎన్విడియా సంగతి.

1999లో జీఫోర్స్ 256 తెచ్చి, దానికి ప్రపంచంలో మొదటి జీపీయూ అని ప్రచారం చేసుకున్న కంపెనీ అది. ఇప్పుడు దానికి వచ్చే డబ్బులో సింహభాగం డేటా సెంటర్లలోని ఏఐ కార్డులది, ఫోన్లది కాదు. మీ జేబులో ఫోన్ తీసి చూడండి, అందులో ఎన్విడియా ఉండదు. స్నాప్‌డ్రాగన్ చిప్ అయితే క్వాల్‌కామ్ వాళ్ల అడ్రినో. మీడియాటెక్ అయితే ఎక్కువగా ఆర్మ్ వాళ్ల మాలీ. ఐఫోన్ అయితే ఆపిల్ సొంతది. ఎన్విడియా కూడా టెగ్రా చిప్‌లతో ఫోన్లలోకి వచ్చింది, నిలదొక్కుకోలేక తప్పుకుంది. ఆ టెగ్రానే 2017లో నింటెండో స్విచ్‌లో కూర్చుని బతికిపోయింది. పేపర్లో ఎన్విడియా షేరు ధర చూసి పిల్లాడికి ఫోన్ జీపీయూ బ్రాంచి వెతకడమంటే, పత్తి ధర చూసి మిర్చి నారు పోసినట్టే.

నాకు ఈ రంగం మీద అనుమానాలు లేవా అంటే ఉన్నాయి, దాచను. మొదటిది, జీపీయూను మొదటినుంచీ సొంతంగా డిజైన్ చేసే కంపెనీలు ప్రపంచం మొత్తం మీద వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. ఒకటి తుమ్మితే ఇంకోదానికి జలుబు చేస్తుంది. బ్రిటన్‌లో ఇమాజినేషన్ టెక్నాలజీస్ అని ఉంది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో గ్రాఫిక్స్ వాళ్లదే. పదేళ్లకు, 2017 ఏప్రిల్‌లో, 'ఇక మాది మేం చేసుకుంటాం' అని ఆపిల్ చెప్పేసింది. ఇమాజినేషన్ షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. ఆ ఏడే కంపెనీ చేతులు మారింది. అక్కడ పనిచేసే ఇంజినీర్ల తప్పేమీ లేదు, వాళ్ల చిప్ బాగాలేకా కాదు. మీ పిల్లాడు ఎంత గట్టివాడైనా ఇలాంటి గాలి ఒకటి వీస్తుందని మీరు ముందే అనుకుని ఉండాలి.

కానీ కథ అక్కడ ఆగలేదు, అది కూడా చెప్పాలి. 2020లో ఆపిలే మళ్లీ వాళ్లతో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. 2025లో గూగుల్ పిక్సెల్ 10లో వచ్చిన జీపీయూ ఆ ఇమాజినేషన్‌దే. 2009లో ఏఎండీ తన మొబైల్ గ్రాఫిక్స్ విభాగాన్ని క్వాల్‌కామ్‌కు 6.5 కోట్ల డాలర్లకు అమ్మేసింది, ఇప్పటి అడ్రినో అందులోంచి పెరిగిందే. అమ్మేసిన ఏఎండీనే 2022లో శాంసంగ్ ఎగ్జినాస్ 2200 చిప్‌తో మళ్లీ ఫోన్లోకి వచ్చింది. కంపెనీలు మునుగుతాయి, తేలుతాయి. టైలింగ్, మెమరీ, పవర్ తెలిసినవాడికి మాత్రం పక్క గుమ్మం తెరిచే ఉంటుంది. ఫోన్లొక్కటే అనుకోకండి. మీ ఇంట్లో స్మార్ట్ టీవీలో, చేతి వాచీలో, కొత్త కార్ల డ్యాష్‌బోర్డు తెరల్లో, వీఆర్ హెడ్‌సెట్లలో, అన్నిట్లోనూ ఓ చిన్న జీపీయూ కూర్చుంది. మావాడు బయటికొచ్చేసరికి ఇది ఉంటుందా అని మీరు రాత్రి నిద్ర మానుకోనక్కర్లేదు. తెరలున్నంతకాలం వాటిమీద బొమ్మ గీసేది ఒకటుండాలి.

రెండో అనుమానం పెద్దది. 'ఏఐ అంటే జీపీయూ, జీపీయూ అంటే ఏఐ' అన్న ప్రచారం. డేటా సెంటర్ వరకు అందులో నిజముంది. ఫోన్ చిప్‌లలో ఏఐ పనులకు ఎన్‌పీయూ అని వేరే భాగమే వచ్చేసింది. ఇక ఏఐ-ఎంఎల్ బ్రాంచిలో నేర్పేది జీపీయూ లోపల ఏముందో కాదు, దాన్ని దూరంనుంచి పైథాన్‌లో వాడుకోవడం. నేను చూసిన చాలా ప్రైవేటు కాలేజీల్లో ఆ బ్రాంచి బోర్డు కొత్తది, లోపల సార్లు పాతవాళ్లే. కంప్యూటర్ ఆర్కిటెక్చర్, కంపైలర్లు లాంటి గట్టి సబ్జెక్టుల్ని నీళ్లు కలిపి చెబుతున్నారు. మీవాడు వెళ్తానంటున్న పనికి కావలసినవి సరిగ్గా అవే. ఇదే మాట ఈసీఈ వాళ్లకూ చెబుతాను. 2023లో ఏఐసీటీఈ వీఎల్‌ఎస్‌ఐ డిజైన్ (అంటే చిప్ డిజైన్) పేరుతో ప్రత్యేకంగా బీటెక్ సిలబస్ తెచ్చాక ఆ పేరు మీద కూడా సీట్లు అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. పేరు కొని మోసపోవద్దు.

అరెకరం మాట చదవగానే నాకు కోపమొచ్చింది, చెప్పకపోతే అబద్ధమవుతుంది. వచ్చిన సీటు వదిలేసి, రాని సీటుకోసం భూమి అమ్ముతారా? అదీ పిల్లాడు అడగని బ్రాంచికి? మీ ఉత్తరంలో బావమరిది అభిప్రాయం పూర్తిగా ఉంది. మీవాడు ఎందుకు ఆ పని కావాలంటున్నాడో ఒక్క ముక్క లేదు. అడగలేదు కాబట్టి లేదు. భూమి అమ్మి చదివించిన తండ్రి ఆ పిల్లాడికి ఫెయిలయ్యే హక్కు ఉంచడు. ఫస్టియర్‌లో రెండు బ్యాక్‌లాగులు పడితే ఇంట్లో ఎవరూ భూమి సంగతి ఎత్తకపోయినా వాడికి వినిపిస్తూనే ఉంటుంది. ఆ బరువు మోస్తూ చదివే పిల్లల్ని నేను నా ముందు కూర్చోబెట్టుకుని మాట్లాడతాను, మీరు చూడరు.

సరే, పోలిక. జీపీయూ అంటే ఒక్క పని కాదు. వెరిలాగ్ అనే భాషలో సర్క్యూట్ రాసేవాళ్లు కొందరు. రాసింది తప్పు లేకుండా పనిచేస్తుందా అని సిస్టమ్ వెరిలాగ్‌తో పరీక్షించేవాళ్లు అంతకంటే చాలామంది. మన దగ్గర ఫ్రెషర్లకు తలుపు తెరిచేది ఎక్కువగా ఈ వెరిఫికేషనే. వీళ్లకు ఈసీఈ దగ్గరి దారి. మరోవైపు డ్రైవర్లు (ఫోన్ సాఫ్ట్‌వేర్‌నూ జీపీయూనూ కలిపే ప్రోగ్రాములు), షేడర్ కంపైలర్లు (గ్రాఫిక్స్ కోడును జీపీయూ భాషలోకి మార్చేవి) రాసేవాళ్లు, వీళ్లు ఎక్కువగా సీఎస్‌ఈ నుంచి వస్తారు. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా మూడూ ఉన్నాయి, బెంగళూరులో ఇంకొన్ని. ఈసీఈ చదివి సీ, సీప్లస్‌ప్లస్ బాగా పట్టుకున్నవాడు రెండువైపులకూ పోగలడు. ఏఐ-ఎంఎల్ చదివినవాడు సర్క్యూట్ వైపు రావడం కష్టం. మామూలు సీఎస్‌ఈ కన్వీనర్‌లో వస్తే ఆలోచించమనేవాణ్ని, మీరు దాని ఊసెత్తలేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నా. ఇంకోమాట, నేరుగా డిజైన్ టీముల్లోకి ఎంటెక్ చేసినవాళ్లను ఇష్టపడతారు. గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీలోనో, ఐఐటీ హైదరాబాద్‌లోనో మరో రెండేళ్లు చదవాల్సి రావచ్చు. నాలుగేళ్లలో ప్యాకేజీ అనుకుంటే ఇప్పుడే మనసు సర్దుకోండి.

వాడి మోజు నిజమో కాదో తేల్చడానికి ఇప్పుడే ఓ మార్గముంది, రూపాయి ఖర్చు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, ప్రొఫైల్ హెచ్‌డబ్ల్యూయూఐ రెండరింగ్ ఆన్ చేసి, తెరమీద బార్లుగా చూపించమనాలి. ఏ యాప్ జరిపినా కింద రంగు గీతలు లేస్తాయి. మధ్యలో ఆకుపచ్చ అడ్డగీత 16 మిల్లీసెకన్లది, అంటే సెకనుకు 60 బొమ్మల లెక్క. దాన్ని దాటిన ప్రతి బారూ తెర తడబడిన చోటే. ఇది యాప్‌ల తెరలకే, గేములకు పనిచేయదు. ఎందుకు పనిచేయదో వాణ్నే కనుక్కోమనండి. తర్వాత బ్రౌజర్‌లో షేడర్‌టాయ్ అనే సైట్ తెరిచి ఓ గుండ్రటి బంతి మీద వెలుగు పడేలా కోడు రాయమనండి. సదిశలు రాకపోతే అక్కడే ఆగిపోతాడు. ఆగినచోట విసుక్కుని మళ్లీ గేములోకి వెళ్లిపోయాడా, పుస్తకం తీశాడా, ఈ రెండు వారాల్లో మీరు గమనించాల్సింది అదొక్కటే. మాలీకి ఎవరో రాసిచ్చే డ్రైవర్ కోసం చూడకుండా, తనే దాని గుట్టు విప్పి పాన్‌ఫ్రాస్ట్ అనే ఉచిత డ్రైవర్ మొదలుపెట్టిన అలిస్సా రోజెన్‌జ్వైగ్ అప్పటికింకా కాలేజీలో చేరలేదు. అందరూ అలా ఉండాలని కాదు, వయసు అడ్డం కాదని చెబుతున్నా. ఆ మాలీ కూడా నార్వేలోని ట్రాండ్‌హైమ్ యూనివర్సిటీలో పుట్టిన ప్రాజెక్టే. 2006లో ఆర్మ్ వాళ్లు కొనుక్కున్నారు.

పుస్తకం తీయకపోతే? ఏం కొంప మునగదు. ఈసీఈలో చేరినా సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోదు, మీ బావమరిది ఆఫీసులోనే ఈసీఈ వాళ్లు ఎంతమంది ఉన్నారో ఆయన్నే అడగండి.

వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపు ఒకరోజు పనులు మానుకుని మీరిద్దరూ ఆ ఈసీఈ కాలేజీకి వెళ్లండి. అడ్మిషన్ల గదిలో కాఫీ ఇచ్చి చూపించే ప్లేస్‌మెంట్ బ్రోచరు పక్కన పెట్టి, డిజిటల్ ల్యాబ్ చూపించమని అడగండి. ఎఫ్‌పీజీఏ బోర్డులు (పిల్లలు రాసిన సర్క్యూట్‌ను నిజంగా నడిపి చూసుకునేవి) ఎన్ని ఉన్నాయి, ఒక్కో బోర్డుకు ఎంతమంది, థర్డియర్ పిల్లలు చివరిసారి వాటిని ఎప్పుడు ముట్టుకున్నారు, ఇవి మీవాడితోనే అడిగించండి. బోర్డులు అట్టపెట్టెల్లోనే సీలు మీద ఉంటే, ఆప్షన్లలో ఆ కాలేజీని కిందికి దించి రెండోదాన్ని పైకి పెట్టండి.