పాత రైల్వే లైన్ల ఆనవాళ్లు మన దగ్గర ఇంకా ఎక్కడైనా మిగిలి ఉన్నాయా?

ఉన్నాయి. ఒకసారి రాజమండ్రి రండి. పుష్కర్ ఘాట్ మెట్ల మీంచి కనిపించే హేవలాక్ బ్రిడ్జి మీద రైలు నడిచి పాతికేళ్లు దాటింది. 1900లో దాని మీద రైళ్లు మొదలయ్యాయి, 1997లో పక్కన ఆర్చి బ్రిడ్జి వచ్చాక ఆపేశారు. అది కట్టకముందు కొవ్వూరు దాకా ఒక రైలు, గోదావరి మీద పడవ, ఇవతల ఇంకో రైలు.

మాది కొవ్వూరే. పెళ్లి బట్టలకైనా, పంటి నొప్పికైనా రాజమండ్రి వెళ్లాలంటే మాకు ప్యాసింజరే దిక్కు. వంతెన మీదకి రాగానే అమ్మ చేతిలో పావలా పెట్టి నదిలో వెయ్యమనేది. సగం సార్లు అది ఇనుముకు తగిలి ఠంగుమనేది, ఇక గోదారమ్మకి చేరిందో లేదో అని ఊరు చేరేదాకా నాకు బెంగ.

పోయిన వేసవిలో మా అబ్బాయితో పడవలో దాని కిందకి వెళ్లాను. మొత్తం 56 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే భాగాలు), ఒక్కొక్కటి 150 అడుగులు. అంటే రెండున్నర కిలోమీటర్ల పొడవు. దగ్గరికెళ్తే తెలిసింది, రాతి అతుకుల్లో రావి మొలకలు లేచాయి. పైన ఇనుము తుప్పు వానకి కారి, స్తంభాల మీద బెల్లం పాకం ఒలికినట్టు చారలు కట్టింది. అంతలో పక్క వంతెన మీద రైలు మోత. మావాడు అది మా నెత్తి మీదే వస్తోందనుకుని గబుక్కున తల వంచేశాడు!

ఇంత నిండుగా మిగలడం మాత్రం అరుదు. మామూలుగా ముందు పోయేవి పట్టాలే. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేస్తే, రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీకేశారు. మళ్లీ రైలొచ్చింది 2004లో. మధ్యలో మిగిలింది మట్టికట్టే, దాని మీద నడిచి పక్క ఊరు వెళ్లేవాళ్లమని మా తాతగారు చెప్పేవారు. అందుకే మీ ఊరి దగ్గర వెతకాలనుకుంటే పట్టాల కోసం చూడకండి. పొలాల మధ్య తిన్నగా సాగే ఎత్తు కట్ట, కాలవల మీద తోవ లేని రాతి దిమ్మలు ఉన్నాయేమో చూడండి.

హేవలాక్ బ్రిడ్జిని టూరిస్టుల కోసం బాగు చేస్తామని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. ఈలోగా దాని మీదకి ఎక్కే సాహసం చెయ్యకండి. పడవ కుదరకపోతే ఆర్చి బ్రిడ్జి మీదుగా వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నా చాలు, పక్కనే కనిపిస్తుంది.