తొలి మాటపట్టుకు సిద్ధమవుతున్న తమ్ముడికి

కాజీపేట

ప్రియమైన తమ్ముడా,

నొవిషియేట్ శిక్షణ ముగించుకుని వచ్చే నెలలో మన బ్రదర్ల సభలో తొలి మాటపట్టు, అంటే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయతల వ్రతాలు, ఇవ్వబోతున్నావనీ, ఆ తరువాత నిన్ను ములుగు వైపున్న మన హాస్టలుకు పంపాలని పెద్దలు నిర్ణయించారనీ నీ ఉత్తరం చూసి తెలుసుకుని ఎంతో సంతోషించాను. అక్కడ రోజు ఎట్లా గడపాలో, దేనిని గట్టిగా పట్టుకోవాలో రాయమని అడిగావు. ఈ జీవితంలో నలభై ఏళ్లు దాటినవాడిగా, నాకు అనుభవంలో తేలిన సంగతులు మాత్రమే రాస్తున్నాను.

అక్కడ నీకు మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న, "ఫాదర్ ఎప్పుడైతరు?" అన్నది. కాజీపేటలో గేబ్రియల్ సభ బ్రదర్లు ఏళ్ల తరబడి పాఠశాల నడుపుతున్నందువల్ల ఇక్కడి వాళ్లకు బ్రదర్ అంటే ఎవరో తెలుసు. లోపలి ఊళ్లలో మాత్రం బ్రదర్ అంటే చదువు ఇంకా పూర్తికాని ఫాదర్ అనే అనుకుంటారు. పూజ చెప్పని వాడివి, జనం తమ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వినని వాడివి, మరి దేనికున్నావని మన సొంత బంధువులే అడుగుతారు. ఈ ప్రశ్న నన్ను మొదటి పదేళ్లు బాధపెట్టింది. 1965లో కతోలిక శ్రీసభ పెద్దలు కూడిన రెండవ వాటికన్ మహాసభ మఠవాస జీవితం గురించి వెలువరించిన పత్రంలో, గురుపట్టం లేని, అంటే ఫాదర్లు కాని, మఠవాసుల జీవితం తనంతట తానే సంపూర్ణమైనదని స్పష్టంగా చెప్పింది. 2015లో రోము నుండి బ్రదర్ల గురించే ప్రత్యేకంగా వెలువడిన పత్రం, సోదరభావాన్ని మనం దేవుని నుండి పొందిన వరంగా, మనలో మనం పంచుకునే వరంగా, ఇతరులకు ఇచ్చివేసే వరంగా వివరించింది. ఈ రెండూ నీవు చదివే ఉంటావు. అయితే నాకు ఊరట కలిగించిన మాట పరకాల దగ్గర ఒక ఊళ్లో, పత్తి ఏరుతున్న ఒక తల్లి నోటి నుండి వచ్చింది. నేను ఫాదర్‌ను కాననీ, ఎన్నటికీ కాబోననీ ఆమెకు వివరంగా చెప్పుకొస్తుంటే, ఆమె ఒడిలోని పత్తి సర్దుకుంటూ, "గట్లయితే మా అన్న లెక్కనే గదా" అన్నది. మన తెలంగాణలో అన్న అనే పిలుపు బజారులో ఎవరికైనా దొరుకుతుంది కానీ, కష్టం వచ్చిన రాత్రి ఎవరి తలుపు కొట్టాలో ఆలోచించినప్పుడు ఆ పిలుపు ఇద్దరు ముగ్గురికే మిగులుతుంది. నీవు ఆ ఇద్దరు ముగ్గురిలో ఒకడివి కావాలి.

తెల్లవారుజామున లేవడం నీకు నొవిషియేట్‌లో గంట మోగితే అలవాటైంది. హాస్టలులో గంట కొట్టేది నీవే. పిల్లలు లేవడానికి ముందు ముప్పావు గంటైనా దేవుని ముందు కూర్చోకపోతే, ఆ తరువాత రాత్రి పది దాకా నీకు ఆ అవకాశం దొరకదు. బియ్యం రాలేదని వంటమనిషి, మోటారు కాలిందని వాచ్‌మన్, జ్వరమని ఒక పిల్లవాడు, ఇట్లా ఒకరి వెంట ఒకరు వస్తూనే ఉంటారు. సేవే నా ప్రార్థన అని సర్దుకోవాలనిపిస్తుంది. నేను ఒకప్పుడు రెండేళ్లు అట్లాగే సర్దుకున్నాను, ఆ రెండేళ్లలో నా గొంతు కరకుగా మారిన సంగతి నాకంటే ముందు పిల్లలే గమనించారు.

రోజువారీ ప్రార్థనల్లో నాలుగు వారాల క్రమంలో చదువుకునే బైబిలు కీర్తనలు మన మనసు ఉన్న తీరును చూసి రావు. నీవు సంతోషంగా ఉన్న ఉదయం విలాపం వస్తుంది, దిగులుగా ఉన్న సాయంత్రం స్తోత్రం వస్తుంది. శుక్రవారం రాత్రి ప్రార్థనలో వచ్చే 88వ కీర్తన మొదటి నుండి చివరి వరకు చీకటే, ఎక్కడా ఓదార్పు మాట లేకుండా చీకటితోనే ముగుస్తుంది. చిన్నతనంలో నాకు ఆ కీర్తన అంటే ఇష్టం ఉండేది కాదు. ఆ మాటలు నావి కాకపోతే ఆ రోజు మరెవరివో అయి ఉంటాయనీ, ఆ మనిషి తరఫున నా నోరు అరువిస్తున్నాననీ ఆలస్యంగా అర్థమైంది. అది ఎట్లా అర్థమైందో చెప్పాలంటే నా తప్పు ఒకటి నీకు చెప్పాలి.

1998 మొదటి నెలల సంగతి ఇది. ఆ కాలంలో పత్తికి లద్దె పురుగు పట్టి, ఎన్ని మందులు కొట్టినా చావక, పెట్టుబడి మొత్తం ఉద్దెర మీద తెచ్చిన రైతులు ఎందరో వరంగల్ జిల్లాలో పురుగుల మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. నేను అప్పుడు ఒక హాస్టలు బాధ్యత చూస్తున్నాను. ఒక రాత్రి స్టడీ అయిన తరువాత నెలాఖరు లెక్కలు ముందేసుకుని కూర్చుంటే నలభై రూపాయలు తేడా వచ్చింది. మూడోసారి కూడుతుండగా ఏడో తరగతి పిల్లవాడొకడు వచ్చి గుమ్మంలో నిలబడి, "బ్రదర్, ఒక్క మాట చెప్పాలె" అన్నాడు. నేను పుస్తకం మీది నుండి తల ఎత్తకుండా, "రేపు పొద్దున చెప్పు బిడ్డా" అన్నాను. వాడి కుడికాలి చెప్పు పట్టీ తెగితే పిన్నీసుతో కలుపుకున్నాడు; నేలమీద కదులుతున్న ఆ పిన్నీసు నాకు కంటి కొసన కనిపించింది. ఆ రాత్రి వాడి ముఖం ఎట్లా ఉందో ఈ రోజుకీ నాకు తెలియదు, ఎందుకంటే నేను చూడలేదు.

తెల్లవారి చూస్తే వాడి చాప ఖాళీగా ఉంది. వెతకగా వెతకగా మధ్యాహ్నానికి కాజీపేట స్టేషన్‌లో నీళ్ల నల్లా పక్కన కూర్చుని దొరికాడు. కోప్పడకుండా అడిగితే చెప్పాడు. ఆదివారం చూడటానికి వచ్చిన తల్లి, "నాయిన ఎవ్వలతోని మాట్లాడుతలేడు" అని చెప్పి పోయిందట. అప్పటి నుండి వాడికి నిద్ర లేదు. ఇద్దరం బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాం. తండ్రి ఇంటి ముందు వేపచెట్టు కింది గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఏమని ఓదార్చాలో నాకు తోచలేదు, అందుకని నేనూ పోయి పక్కన కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. పిల్లవాడు మాత్రం తండ్రి మోకాలికి ఆనుకుని కూర్చున్నాడు. చీకటి పడ్డాక ఆ మనిషి విత్తనాలు ఎక్కడ కొన్నాడో చెప్పడం మొదలుపెట్టి, మందుల షాపు బాకీ దాకా వచ్చి, ఏడ్చాడు. ఆయన బతికాడు. నలభై రూపాయల తేడా మూడు రోజుల తరువాత దొరికింది. కిరోసిన్ ఖర్చును నేనే రెండుసార్లు రాసుకున్నాను.

అందువల్ల లెక్కల పుస్తకాన్ని పిల్లలు బడిలో ఉన్న వేళలోనే తెరువు, సాయంత్రం దాని జోలికి పోకు. ఎవరైనా గుమ్మంలో నిలబడితే పెన్నుకు మూత పెట్టి ముఖం చూడు. ఆదివారం తల్లిదండ్రులు చూసి వెళ్లిపోయిన తరువాత ఏ పిల్లవాడు అన్నం వదిలేస్తున్నాడో గమనించు. చెప్పలేని సంగతి అప్పుడే వాడి చేతికి వచ్చి ఉంటుంది. రాత్రి దీపాలార్పాక ఒకసారి, రెండు గంటల వేళ మరొకసారి టార్చి పట్టుకుని తిరుగు. పిల్లవాడితో విడిగా మాట్లాడవలసి వస్తే నలుగురికీ కనిపించే వరండాలో మాట్లాడు, మూసిన తలుపు వెనుక ఎన్నడూ వద్దు. పిల్లలను లైంగిక నేరాల నుండి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఏమి చెబుతుందో పూర్తిగా చదువుకుని, వంటవాళ్లకు, వాచ్‌మన్‌కు కూడా నీ నోటితో వివరించు. అందులో ఎవరి మీదా అనుమానం లేదు. పిల్లలను మనకు అప్పగించిన తల్లిదండ్రులకు మనం పడిన బాకీ అది.

పని విషయంలో పెద్దది చిన్నది అని లెక్క వేసుకోకు. కెనడాలో మాంట్రియల్ నగరంలోని ఒక కళాశాల గుమ్మం దగ్గర దాదాపు నలభై ఏళ్లు ద్వారపాలకుడిగా పనిచేసిన బ్రదర్ ఆంద్రె బెస్సెత్ సరిగా చదవడం రాయడం రాని మనిషి. తలుపు తీసేవాడు, ఉత్తరాలు అందించేవాడు, విద్యార్థులకు జుట్టు కత్తిరించి, వాళ్లిచ్చిన చిల్లర పోగుచేసి పునీత జోజప్ప గారికి చిన్న గుడి కట్టించాడు. 1937లో ఆయన మరణించాడు, 2010లో శ్రీసభ ఆయనను పునీతుడిగా ప్రకటించింది. ఆయనను తలచుకునే నేను హాస్టలు పిల్లలకు జుట్టు కత్తిరించడం నేర్చుకున్నాను. దానివల్ల మంగలి ఖర్చు మిగిలిన మాట నిజమే కానీ, అసలు లాభం వేరే ఉంది. ఎదురుగా నిలబెట్టి అడిగితే నోరు విప్పని పిల్లవాడు, మెడ మీద దువ్వెన ఆనించి వెనుక నిలబడితే తనంతట తానే మాట్లాడతాడు.

డబ్బు సంగతి ఇప్పుడే ఇంట్లో తేల్చి చెప్పు. తొలి మాటపట్టుకు ముందు నీ ఆస్తి వ్యవహారాలు ఎవరు చూడాలో రాసి ఇస్తావు. ఆస్తి హక్కు నీదే అయినా, నీవు పనిచేసి సంపాదించేది మాత్రం సభదే. రేపు నీకు బడిలో జీతం వస్తే చెల్లె పెళ్లికి సాయం చేస్తావని మీ నాయిన ఆశపడుతూ ఉండవచ్చు. నా మాటపట్టు రోజున ఈ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలక దాటవేశాను. ఆ తరువాత నాలుగేళ్లు మా అమ్మ ఎదురుచూసింది. అంతకంటే ఒక రోజు బాధపడటం మేలు. పొలం పనుల్లో సాయానికి, రోగం వస్తే ఆసుపత్రిలో తోడుగా కూర్చోవడానికి పెద్దల అనుమతి అడుగు. నాకు ఎన్నడూ కాదనలేదు.

బ్రహ్మచర్యం గురించి నీవు అడగలేదు కానీ, ఒక్క మాట రాస్తాను. అది కష్టమయ్యేది నీవు అనుకునే వయసులో కాదు, నలభై దాటాక. నీ ఈడు వాళ్ల పిల్లలు కాలేజీకి పోతుంటే, పండుగ రోజు సాయంత్రం హాస్టలంతా ఖాళీ అయినప్పుడు. ఆ సాయంత్రాలు గదిలో ఫోను చూస్తూ గడపకు. నీతో ఉండే బ్రదర్‌తో పొద్దున ఉప్పు ఎక్కువైందని గొడవ జరిగి ఉన్నా సరే, పోయి ఆయన పక్కన కూర్చుని టీ తాగు.

మొదట మూడేళ్లకు తగ్గకుండా, మామూలుగా ఆరేళ్లకు మించకుండా తాత్కాలిక మాటపట్టులో ఉంటావు. ఆ కాలం మనం సభను, సభ మనలను నిజంగా చూసుకోవడానికి ఇచ్చినది. సందేహం వస్తే దాచుకోకు, పెద్దలతో చెప్పు, మౌనంగా ధ్యానంలో గడిపే వడకాల సమయంలో దేవుని ముందు పెట్టు. నాకూ రాయి.

నా కత్తెరను, దుప్పటిని మన వాళ్లు జీపులో వచ్చినప్పుడు నీకు పంపుతున్నాను. హన్మకొండలో సాన పట్టించాను, ఆరు నెలల దాకా పదును నిలుస్తుంది. దువ్వెన పళ్లు విరిగిపోయాయి, అది మాత్రం ములుగులో కొత్తది కొనుక్కో.

ప్రేమతో,
నీ పెద్దన్న