బీమా లేనివారికి వైద్యం భారం కాకుండా

ప్రశ్న: నాకు ఆరోగ్య బీమా లేదు. మధుమేహానికి నెలనెలా మందులు, తరచూ పరీక్షలు తప్పడం లేదు. ఖర్చు తగ్గించుకునే మార్గం ఉందా?

జవాబు: ఉంది. అయితే డబ్బు మిగులుతుందని మందులు మానేయకండి. చక్కెర అదుపు తప్పి కళ్లు, మూత్రపిండాలు దెబ్బతింటే ఆ చికిత్సకు అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. మీ మందులను జనరిక్ పేరుతో, అంటే కంపెనీ బ్రాండు పేరుతో కాకుండా మందు అసలు పేరుతో రాయమని వైద్యుణ్ణి అడగండి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ వంటి పాత మందులకు పేటెంట్ (ఒకే కంపెనీకి ఉండే ప్రత్యేక హక్కు) గడువు ఎప్పుడో ముగిసింది కాబట్టి, అదే మందును అనేక కంపెనీలు తయారుచేస్తాయి, ధరల్లో తేడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో మొదలుపెట్టిన అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఇప్పుడు మెట్‌ఫార్మిన్ కూడా ఉంది.

పరీక్షల విషయంలో చాలామంది అనవసరంగా నష్టపోతారు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష ఫలితం సుమారు 2-3 నెలల సగటు చక్కెరను తెలుపుతుంది. ప్రతి నెలా చేయించడం సాధారణంగా అవసరం లేదు. పాత రిపోర్టులు వెంట తీసుకెళ్తే, వైద్యుడు మారినప్పుడు అవే పరీక్షలు మళ్లీ రాయకుండా ఉంటారు.

ప్రభుత్వ ఆసుపత్రులు, వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రులు, ధార్మిక సంస్థల క్లినిక్‌లలో ఫీజులు తరచుగా తక్కువగా ఉంటాయి. మొహమాటపడకుండా ఖర్చు అంచనాను ముందే రాసివ్వమని అడిగి, వాయిదాల సౌకర్యం, రాయితీ ఉన్నాయేమో కనుక్కోండి; వివరాలు లేని బిల్లును మాత్రం అంగీకరించకండి.