అమెరికా ఆంప్లిఫయర్‌కి మన కరెంటు

మేనల్లుడికి ఆశీస్సులు.

అమెరికా నుంచి వచ్చిన నీ వాల్వు ఆంప్లిఫయర్‌ని ఇక్కడ స్టెప్‌డౌన్ (230 వోల్టుల్ని 120కి దించే పెట్టె) మీద నడిపితే మోగుతోందన్నావు, నువ్వు పంపిన రికార్డింగ్ విన్నాను. ముందు ఆ హమ్ (గుయ్‌మనే మోత) ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకో. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, ఓసారి స్పీకర్ దగ్గర, ఓసారి సెట్టుకి కరెంటు అందించే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చెవి పెట్టి విను. స్పీకర్ వైరు మాత్రం పీకకు. స్పీకర్ లోడు లేకుండా నడిపితే, స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మోత స్పీకర్లోంచే అయితే ముందు పాత ఫిల్టర్ కెపాసిటర్లను (లోపలి కరెంటుని నునుపు చేసేవి) అనుమానించు, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

నీది పవర్ ట్రాన్స్‌ఫార్మర్లోంచే అనిపిస్తోంది. వెనకాల ప్లేటు చూడు. 120 వోల్టులు, 50/60 సైకిళ్లు (ఫ్రీక్వెన్సీ, అంటే హెర్ట్జ్) అని ఉంటే నా ఊహ తప్పు. ఒట్టి 60 అని ఉంటే మాత్రం దొంగ దొరికినట్టే. స్టెప్‌డౌన్ వోల్టేజీనే తగ్గిస్తుంది గానీ సైకిళ్ల జోలికి పోదు. మన లైను 50. అదే 120 వోల్టులకి 60 బదులు 50 ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో, అంటే లోపలి ఇనుములో, ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం పెరుగుతుంది. ఇనుము సరిగ్గా 60కి సరిపడా వేసి ఉంటే కోర్ సాచురేట్ అయి (ఇక ఎక్కువ ఫ్లక్స్ పట్టలేక), స్టాంపింగులు (కోర్‌లో పేర్చిన ఇనుప రేకులు) వణికి, సెట్టు మోగుతుంది, పైగా కాగుతుంది. రాత్రిళ్లు ఎక్కువవుతోందన్నావు కదా, అప్పుడు జనం వాడకం తగ్గి లైను వోల్టేజీ లేస్తుంది. 230 బదులు 245 వచ్చిందనుకో, స్టెప్‌డౌన్ 120 బదులు 128 ఇస్తుంది.

ఎవరి దగ్గరైనా వేరియాక్ (వోల్టేజీని కావలసినంతకి తిప్పుకునే ట్రాన్స్‌ఫార్మర్) అడిగి తెచ్చుకో. స్టెప్‌డౌన్‌కి ముందు పెట్టి, మీటరు చూస్తూ, సెట్టుకి అందేది 120 నుంచి 110కి మెల్లగా దించు. మోత చటుక్కున సద్దుమణిగితే అనుమానం తీరినట్టే. 110 దగ్గర ఫిలమెంట్లకి (వాల్వుల్ని వేడెక్కించే తీగలకి) 6.3 బదులు దాదాపు 5.8 వోల్టులు అందుతాయి, వాల్వులు ఓర్చుకుంటాయి. మోత ఇంకా తగ్గుతుందని 100కి దించకు, 5.25తో వాల్వులు నీరసిస్తాయి.

దించినా మార్పు లేకపోతే, సెట్టు ఆపి చల్లారాక రెక్టిఫయర్‌తో (ఏసీని డీసీగా మార్చే వాల్వుతో) సహా వాల్వులన్నీ తీసి మళ్లీ ఆన్ చెయ్. ఉత్త ట్రాన్స్‌ఫార్మరే అంతలా మోగుతూ కాసేపట్లో చెయ్యి పెట్టలేనంత కాగితే, లోపల చుట్లు షార్టయినట్టు. మోగుతున్నా చల్లగానే ఉంటే, ప్లగ్గు పీకి బోల్టులు బిగించి చూడు, వదులైన స్టాంపింగులు కావచ్చు. మరీ బలంగా బిగించకు.

అడుగు మూత తీయాల్సి వస్తే, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో 400 వోల్టులు నిలవ ఉండొచ్చు. ఆ నిలవని రెసిస్టర్‌తో దించి, మీటర్లో సున్నా చూశాకే చెయ్యి పెట్టు. ఇందులో బద్ధకం పనికిరాదు.

వేరియాక్‌తో మోత తగ్గితే అసలు మందు 230 వోల్టులు, 50 సైకిళ్లకి కొత్త పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడమే. పాతదాని సైజుకే చుట్టమనకు, 50కి ఇనుము కాస్త ఎక్కువ పడుతుంది. వాల్వుల నంబర్లు, సెకండరీ వోల్టేజీలు (ట్రాన్స్‌ఫార్మర్ సెట్టులోకి ఇచ్చేవి), బోల్టు కన్నాల మధ్య కొలతలు రాసి పంపు. వైండింగ్ షాపులో నేను మాట్లాడతాను.

మీ మావయ్య