నంబర్లు పిలిచేవారికి టికెట్ వద్దు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నెలకోసారి అత్తగారింట్లో అందరం కలుస్తాం, భోజనాలయ్యాక తంబోలా (పిలిచిన నంబర్లు ఎవరి టికెట్ మీద వాళ్లు కొట్టుకునే ఆట) ఆడతాం. నంబర్లు మా వదిన (మావారి అక్క) పిలుస్తుంది, తనూ టికెట్ కొంటుంది. పోయిన నెల మా తొమ్మిదేళ్ల పాప టాప్ లైన్ (టికెట్లో పై వరుస) అయ్యిందని ఒక నంబరు ఆలస్యంగా చెప్పిందని ఇవ్వలేదు. కాసేపటికి వాళ్లబ్బాయి రెండు నంబర్లు దాటాక చెబితే ఇచ్చేసింది. పాప ఒకటే ఏడుపు. మావారేమో "ఆటే కదా, వదిలెయ్" అంటారు. ఇక వెళ్లడం మానేద్దామా అనిపిస్తోంది.

జవాబు: మానకండి. చిన్న బహుమతి కోసం అలిగిందన్న మాట మీకు మిగులుతుంది, అసలు సంగతి మరుగున పడిపోతుంది.

పాపకు బహుమతి ఇవ్వకపోవడం తప్పు కాదు. లైన్ పూర్తయిన నంబరు పిలిచాక, తర్వాతి నంబరు పిలిచేలోపే చెప్పాలి. ఆ పట్టింపు లేకపోతే ప్రతివాళ్లూ "నాది ఎప్పుడో అయిపోయింది" అంటారు. అదే పట్టింపు వాళ్లబ్బాయి దగ్గరికి వచ్చేసరికి సడలిపోవడమే తప్పు. పాపతో కూడా ఇలాగే చెప్పండి: "నువ్వు ఆలస్యం చేసిన మాట నిజమే. బావకి ఇవ్వడం మాత్రం తొండి." ఆటే కదా అని సర్దిచెబితే ఆ వయసు పిల్లలు ఊరుకోరు.

వదినగారు కావాలనే చేశారని నేననను. సంచిలోంచి బిళ్ల తీయాలి, పిలవాలి, బోర్డు మీద పెట్టాలి, తన టికెట్ కొట్టుకోవాలి, ఎవరైనా అయ్యిందంటే సరిచూడాలి. పైగా బోర్డు చూస్తే ఏ నంబర్లు వచ్చాయో తెలుస్తుంది గానీ ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియదు. ఆలస్యం మీద గొడవలన్నీ అక్కడే పుడతాయి. అందుకే పిలిచిన నంబర్లను వరుసగా ఒక కాగితం మీద రాయాలి. లైన్ అయ్యిందన్నవారు తమ 5 నంబర్లూ పైకి చదవాలి, కాగితంలో ఆఖరి నంబరు ఆ అయిదింట్లో ఉండాలి. లేకపోతే ఆలస్యమైనట్టే, ఎవరి పిల్లలైనా సరే.

ఈసారి మావయ్యగారిని పిలవమనండి, టికెట్ లేకుండా. నంబరుకీ నంబరుకీ మధ్య 8–10 సెకన్లు ఆగాలి, కళ్లజోడు సర్దుకుని వెతుక్కునేవాళ్లూ ఉంటారు. మొదటి బిళ్ల తీయకముందే ఇవి అందరికీ వినిపించాలి: పదేళ్ల లోపు పిల్లలకు ఒక నంబరు ఆలస్యం చెల్లుతుంది. ఇద్దరు ఒకేసారి చెబితే చెరిసగం. తప్పుగా చెబితే పెద్దవాళ్ల టికెట్ రద్దు, పిల్లలకు ఆ ఒక్క బహుమతే పోతుంది. మరీ చిన్నవాళ్లు ఆటలో అరటిపళ్లు. బహుమతులూ ముందే రాసిపెట్టండి: 20 టికెట్లు, ఒక్కోటి 20 రూపాయలు అనుకుంటే 400. జల్దీ ఫైవ్‌కి (అందరికంటే ముందు ఏవైనా 5 నంబర్లు కొట్టినవారికి) 60, మూడు లైన్లకు తలా 60, ఫుల్ హౌసీకి (టికెట్ మొత్తం కొట్టినవారికి) 160.

వదినగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. అందరి ముందూ కాదు, రెండు మూడు రోజుల ముందు ఫోన్లో. పాత గొడవ ఎత్తకుండా "అక్కా, ఈసారి నాన్నని పిలవమందాం, నువ్వు హాయిగా ఆడుకో" అంటే చాలు. మీవారు దీనికీ బద్ధకిస్తారేమో, అది మీ ఇద్దరూ ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతి.

ఆమె ఒప్పుకోకపోతే పిలవడం ఆమెకే వదిలేసి, కాగితం మీద రాసే పని మీరు తీసుకోండి. ఆ రోజు మీరూ టికెట్ కొనకండి.