పికప్ తొట్టిపై సొంతంగా టాపు కట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా, పలమనేరు దగ్గర పల్లె. లోన్ మీద పికప్ వ్యాన్ కొన్నాను, పసుపు నంబరు ప్లేటు బండి. టమాటా, పూలు తిరుపతికి, అప్పుడప్పుడు వేలూరుకు తోలుతుంటాను. ఎండకు, వానకు సరుకు పాడవుతోంది. వెనక తొట్టిపై ఇనుప పైపులతో నేనే టాపు కట్టి పట్ట వేద్దామనుకుంటున్నాను. వెల్డింగ్ షాపతనేమో రేకులతో మూసేసి తలుపు పెట్టించుకోమంటున్నాడు. అలా చేస్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కేసు రాస్తాడని మావాళ్లు భయపెడుతున్నారు. ఇంకోటి, టాపు ఉంటే ఇంటివాళ్లను వెనక కూర్చోబెట్టి తిరుచానూరుకు తీసుకుపోవచ్చా?

జవాబు: మీ ఆలోచనే మంచిది, షాపతను చెప్పింది వద్దు. రెండింటికీ తేడా ఎక్కడుందో చెబుతాను.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు పొంతన లేకుండా పోయేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏమిటో కూడా ఆ సెక్షనే చెబుతుంది: బండి మౌలిక స్వరూపం మారిపోయేలా నిర్మాణంలో చేసే మార్పు. మీ ఆర్సీ తీసి చూడండి. బాడీ రకం, ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు అందులో ఉంటాయి. తెరిచిన తొట్టి అని రాసి ఉన్న బండిని రేకులతో మూసి తలుపు బిగిస్తే అది పెట్టె బండి అయిపోతుంది. అప్పుడు ఆర్సీలో ఒకటి, రోడ్డు మీద ఇంకొకటి. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే అన్వయించింది. తయారీదారు వివరాలకు విరుద్ధంగా చేసిన మార్పులతో బండిని రిజిస్టర్ చేయడం కుదరదని చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

మీరనుకున్న టాపు అలాంటిది కాదు. తొట్టి పక్కలకు బోల్టులతో బిగించి, పని అయ్యాక స్పానరుతో విప్పి ఇంట్లో పెట్టుకోగలిగితే, దాన్ని సరుకును కప్పే ఏర్పాటుగానే చూడాలని నా అభిప్రాయం. ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టొద్దు, తొట్టిని కోయొద్దు. పైపులు తొట్టి వెడల్పు దాటి పక్కలకు రాకూడదు. పట్ట అంచులు వెనక లైట్లకు, రిఫ్లెక్టర్లకు, నంబరు ప్లేటుకు అడ్డుపడకుండా బిగించి కట్టండి. పట్ట గాలికి లేచి వెనక వచ్చే బైకు మీద పడితే బాధ్యత మీదే అవుతుంది. పని మొదలుపెట్టే ముందు టాపు ఎలా ఉంటుందో చేత్తో బొమ్మ ఒకటి గీసుకుని, ఆర్సీ జిరాక్సుతో చిత్తూరు రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా అడగండి. అర్జీ మీద ముద్ర వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకుంటే, రేపు ఎవరైనా ఆపినా, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినా అది పనికొస్తుంది. వేలూరు వైపు పోయినా చట్టం ఇదే. ఇది కేంద్ర చట్టం.

బరువు సంగతి చాలామంది మరిచిపోతారు. టాపు బరువు 100 కిలోలైతే, వేయగలిగే సరుకు 100 కిలోలు తగ్గినట్టే, ఎందుకంటే ఆర్సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. ఓవర్‌లోడుకు సెక్షన్ 194 కింద జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అందుకే మందపాటి పైపులు వద్దు, తేలికవి వాడండి.

ఇక మీ చివరి ప్రశ్న. దయచేసి ఇంటివాళ్లను వెనక కూర్చోబెట్టకండి. టాపు వేసినంత మాత్రాన సరుకు బండి ప్రయాణికుల బండి కాదు. ఇందులో పోలీసు చలానా చిన్న విషయం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాదు, అదీ అసలు భయం. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు పరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీకి లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమానికి పాలసీ రక్షణ ఉన్నా, అతను క్యాబిన్‌లో కూర్చుంటేనే అని తర్వాత మరో తీర్పులో చెప్పింది. అంటే మీ అమ్మగారికో పిల్లలకో ఏదైనా జరిగితే లక్షల పరిహారం మీ చేతి నుంచి, మీ పొలం నుంచి కట్టాల్సి రావచ్చు. పెళ్లిళ్లకు, మొక్కులకు మన జిల్లాలో ఇలా వ్యాన్లలో పోవడం మామూలైపోయింది. తర్వాత కోర్టుల చుట్టూ తిరిగే కుటుంబాల బాధ చూడలేం. పలమనేరు నుంచి తిరుపతికి ఆర్టీసీ బస్సులున్నాయి, వాటిలోనే పంపండి.

లోన్ తీరేదాకా బండిపై ఫైనాన్స్ కంపెనీకి హక్కుంటుంది కాబట్టి వాళ్ల అంగీకారం రాతలో తీసుకోండి. టాపు సామగ్రికీ బీమా కావాలంటే పాలసీలో విడిగా చేర్పించుకోవాలి.

విప్పదీసే టాపుకే ఎవరైనా సెక్షన్ 52 అని కేసు రాస్తే, గాబరాపడి రసీదు లేకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు. చలానాలో ఏ సెక్షన్ రాశారో చూడండి, టాపు బోల్టులు కనిపించేలా అక్కడే ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. జరిమానా కట్టి రాజీ చేసుకోవడం మీ ఇష్టం, తప్పనిసరి కాదు. ఒప్పుకోకపోతే కేసు మేజిస్ట్రేట్ ముందుకు వెళుతుంది. అక్కడ మీ అర్జీ కాపీ, ఈ ఫోటోలు చూపించి వాదించుకోవచ్చు.