కెమిస్ట్రీ నుంచి హిస్టరీకి వస్తే రాత ఎందుకు మార్చుకోవాలి?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి హిస్టరీ పీహెచ్‌డీలో చేరానని, మొదటి చాప్టర్ చూసి గైడ్ "ల్యాబ్ రిపోర్టులా ఉంది" అన్నారని అడిగారు కదా. పదేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. అప్పట్లో చాలా టెన్షన్ పడ్డాను. మీకు రాయడం రాక కాదండీ, చదివేవాళ్లు మారారు, అంతే.

కెమిస్ట్రీ పేపర్‌ని మొదటి నుంచి చివరిదాకా వరసగా చదివేవాళ్లు తక్కువ. అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం), బొమ్మలు, టేబుళ్లు చూసి, కావలసిన భాగానికి వెళ్లిపోతారు. అందుకే పద్ధతి, ఫలితాలు, చర్చ అని విడివిడిగా పెడతాం. అనుమానం ఉన్నవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేసి చూసుకుంటారు.

హిస్టరీలో ఆ వీలు లేదు. నేను హైదరాబాద్ తార్నాకలో పాత ప్రభుత్వ రికార్డులు దాచే స్టేట్ ఆర్కైవ్స్‌లో ఒక రెవెన్యూ ఫైలు చూసి, "పాత రికార్డుల ప్రకారం రైతులు పన్ను కట్టడానికి ఇష్టపడలేదు" అని రాసి ముందుకెళ్లిపోయాను. మా గైడ్ పక్కన ఎర్రసిరాతో మూడు ప్రశ్నలు రాశారు: ఏ రికార్డు? ఎవరు రాశారు? ఎవరికి రాశారు? పన్ను వసూలు చేయాల్సిన అధికారి, వసూలు కానందుకు తన పైవాడికి ఇచ్చుకున్న సంజాయిషీ అది. దాన్ని నేను థర్మామీటర్ రీడింగ్‌లా తీసుకున్నాను! ఫైలు నంబరు, తేదీ, రాసిన మనిషి హోదా ఫుట్‌నోట్‌లో ఎందుకు ఉండాలో ఆ రోజు అర్థమైంది. అవి ఉంటేనే ఇంకొకరు ఆ ఫైలు తెప్పించుకుని నాతో వాదించగలరు.

మిగతా సబ్జెక్టుల్లోనూ ఇంతే. రెఫరెన్సులు ఇవ్వడానికి సైకాలజీవాళ్లు వాడే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో రచయిత పేరు పక్కన సంవత్సరం ఉంటుంది, ఫలితం ఎంత కొత్తదో తెలియాలి కాబట్టి. సాహిత్యంవాళ్ల ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో పేజీ నంబరు ఉంటుంది, ఏ వాక్యం గురించి మాట్లాడుతున్నామో చూసుకోవాలి కాబట్టి. గణితంలో రచయితల పేర్లు సాధారణంగా అక్షరక్రమంలో వస్తాయి. బయాలజీలో చివరి పేరు ఎక్కువగా ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌ది.

స్టైల్ గైడ్ (రెఫరెన్సులు ఎలా రాయాలో చెప్పే పుస్తకం) తర్వాత చూసుకోవచ్చు. ముందు 'ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ' అనే జర్నల్‌లో మీ టాపిక్‌కి దగ్గరగా ఉన్న మూడు వ్యాసాలు తీసుకుని, ఫుట్‌నోట్లు మాత్రమే చదవండి. తర్వాత మీ చాప్టర్‌లో 'ఫలితాలు' అన్న హెడ్డింగ్ తీసేసి, మీకు బాగా నచ్చిన ఒక్క పత్రంతో మొదలుపెట్టి గైడ్‌కి మళ్లీ చూపించండి.